వినపడితే నొక్కండి

అమీర్‌పేటలో ఎవరినైనా ఆపి "ఏం చేస్తున్నావు నాయనా" అని అడిగి చూడండి. ముందు కోర్సు పేరు చెప్తారు, తర్వాతే ఊరి పేరు. ఒకడు జావా అంటాడు, ఒకమ్మాయి పైథాన్ అంటుంది, ఇంకొకడు మనకి నోరు తిరగని పేరేదో చెప్పి "మూడు నెలలే అంకుల్, తర్వాత జాబే" అంటాడు. మన కేదార్‌ని అడిగితే మాత్రం కాసేపు ఆగి, "ఎమ్‌టెక్ అండీ. ఆటోమొబైల్. కరెంటు బండ్లు" అనేవాడు.

"ఆటోమొబైలా? మరి అమీర్‌పేటలో ఏం పని?"

దీనికి వాడి దగ్గర గొప్ప జవాబేం లేదు. కాలేజీ ఊరి బయటెక్కడో ఉంది, బస్సులో గంట పైనే. అక్కడి హాస్టల్లో చోటు దొరకలేదు. చీరాల నుంచి వచ్చినవాడికి హైదరాబాదులో తెలిసిన పేరు అమీర్‌పేట ఒక్కటే. మెట్రో దిగాడు, మైత్రీవనం వెనక సందులో మొదట కనపడిన హాస్టల్లో బ్యాగు పడేశాడు. అంతే, చూస్తుండగానే రెండేళ్లు కావస్తోంది.

ఆ హాస్టల్లో ఒక ఆనవాయితీ ఉంది. జాబు వచ్చినవాడు గదిలో అందరికీ బిర్యానీ పెట్టించాలి. పోయేటప్పుడు తన బకెట్టు, మగ్గు గదిలోనే వదిలేసి పోవాలి. పట్టుకుపోతే కొత్త చోట కలిసిరాదని వాళ్ల నమ్మకం. కేదార్ గదిలో మూడు మంచాలు. పక్క మంచాల మీదకి కుర్రాళ్లు వస్తారు, కొన్నాళ్లు కళ్లు ఎర్రబడేలా చదువుతారు, బిర్యానీ పెడతారు, పోతారు. బకెట్లు మాత్రం ఉండిపోతాయి. బాత్రూం పక్కన ఒకదాంట్లో ఒకటి దూర్చిన బకెట్ల దొంతర కేదార్ నడుం దాకా వచ్చేసింది. నీలం బకెట్టు వెంకటగిరి అబ్బాయిది. పిడి విరిగింది సూర్యాపేట వాడిది, నిద్రలో ఇంగ్లీషులో ఇంటర్వ్యూ చెప్పుకునేవాడు పాపం. ఏది ఎవరిదో కేదార్‌కి గుర్తే. వాళ్లకి వీడు గుర్తున్నాడో లేదో మరి.

"ఫ్రెండ్సున్నారా నాన్నా అక్కడ?" అని వాళ్లమ్మ ఫోన్లో అడిగేది.

"బోలెడుమంది అమ్మా" అనేవాడు, ఆ బకెట్ల వైపు చూస్తూ.

ఇంతకీ వాడి చదువేంటో చెప్పాలి. కరెంటు బండికి ఇంజిన్ చప్పుడు ఉండదు కదండీ. మనం రోడ్డు దాటేటప్పుడు కళ్లతోనే దాటుతున్నాం అనుకుంటాం గానీ, సగం దాటేది చెవులతోనే. వెనక నుంచి డుగుడుగుమని వస్తే చూడకుండానే పక్కకి జరుగుతాం. ఈ బ్యాటరీ ఆటో అలా కాదు, నెమ్మదిగా వస్తే మోకాలి దగ్గరికి వచ్చేదాకా తెలీదు. అందుకని ఇలాంటి బండ్లకి చిన్న స్పీకరు పెట్టి, కావాలనే ఒక చప్పుడు తగిలిస్తారు. ఆ చప్పుడు ఎలా ఉండాలి? మరీ గట్టిగా పెడితే జనం తిడతారు, మరీ మెల్లగా పెడితే పెట్టీ దండగ. పైగా మన రోడ్ల మీద, బస్సుల రొదలో, హారన్ల మధ్య వినపడి తీరాలి. అదీ కేదార్ థీసిస్. క్లాసులో మిగతా అందరూ బ్యాటరీల మీద, మోటార్ల మీద పడ్డారు. "నువ్వొక్కడివే చప్పుడు మీద పడ్డావయ్యా" అని నవ్వేది వాడి గైడు మంజూష మేడమ్.

కష్టపడ్డాడండీ వాడు. పంజాగుట్ట చౌరస్తాలో మైకు పట్టుకుని గంటలు గంటలు నిలబడి రోడ్డు రొదంతా రికార్డు చేశాడు. ట్రాఫిక్ పోలీసు రెండుసార్లు ఏ చానెల్ అని అడిగాడు. ఆ రొదంతా కంప్యూటర్లో పెట్టి చూస్తే బస్సులూ లారీలూ అన్నీ లావు గొంతులే. అయితే మన చప్పుడు సన్నగా ఉంటే వాటి పైనుంచి తేలుతుంది కదా అనుకున్నాడు. ఈల లాగా, కీచుగా కాకుండా, వినగానే "ఏదో వస్తోంది" అనిపించే సన్నటి రాగం ఒకటి తయారుచేశాడు. నిజంగానే బాగుంది. మేడమ్ కూడా మెచ్చుకుంది.

"బాగుంది కేదార్. కానీ నీకూ నాకూ వినపడితే చాలదు. ముప్ఫై మందిని కూర్చోబెట్టి పరీక్ష చెయ్యి. అందరూ నీ ఈడువాళ్లయితే కుదరదు. అరవై దాటినవాళ్లు ఒక్కరైనా ఉండాలి. రోడ్డు దాటడానికి భయపడేది వాళ్లేగా. జూన్ రివ్యూకి తెచ్చావంటే థీసిస్ అయిపోయినట్టే."

థీసిస్ అయిపోతే ఏమవుతుంది? పుణెలో కరెంటు బండ్లు చేసే కంపెనీ ఒకటి వీణ్ణి తీసుకుంటానంది. జూన్ కల్లా చదువు పూర్తయితేనే. అక్కడ వీడి చదువే చదివినవాళ్లు ఒక అంతస్తు నిండా ఉంటారట. భోజనాల దగ్గర కూడా బండ్ల గురించే మాట్లాడుకుంటారట. ఆ మాట విన్న రోజు నుంచి కేదార్‌కి వేరే ధ్యాస లేదు. తన బకెట్టు కూడా ఆ దొంతర మీద పెట్టి వెళ్లిపోవాలి, అంతే.

కాలేజీ నుంచి బస్సులో వస్తూ తనకి ఈ ఊళ్లో తెలిసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. కర్రీ పాయింట్ ఆవిడ, ఇస్త్రీ అతను, గదిలో భార్గవ్... రెండో చెయ్యి మొదలుపెట్టక ముందే అయిపోయారు. అందులోనూ ఇద్దరి పేర్లు తెలీవు.

ఆ తెలిసినవాళ్లల్లో అఫ్జల్ ఒకడు. పక్క సందులో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసు చూసుకుంటాడు. అతనిది కరెంటు స్కూటరు. చార్జింగు ఊరికే అయిపోతోందంటే కేదార్ ఒకసారి చూసి పెట్టాడు, అప్పట్నుంచి పలకరింపు. కేదార్ సంగతి విని అఫ్జల్ తల కొట్టుకున్నాడు.

"ముప్ఫై మందికి గింత ఫికరా అన్నా? మధ్యాహ్నం రెండింటికి మా ఏసీ క్లాసు ఖాళీనే ఉంటది, ఆడ కూసుండబెట్టుకో. కానీ ఉత్తగ అడిగితే ఎవరొస్తరు? పాంప్లెట్ కొట్టియ్యి. ఈడ పాంప్లెట్ లేంది కుక్క సుత ఆగది."

కేదార్ రాసిచ్చాడు. ఎలక్ట్రిక్ వెహికల్ చప్పుడు మీద వినికిడి పరీక్ష, పాల్గొనండి, మధ్యాహ్నం రెండింటికి అని. ప్రింటింగ్ షాపతను అమీర్‌పేటలో పాతికేళ్ల నుంచీ పాంప్లెట్లే కొడుతున్నాడు. చెయ్యి అలవాటుగా పైన ఎర్రక్షరాలతో "ఫ్రీ డెమో" అని వేసేశాడు. అది లేకుండా పాంప్లెట్ ఉంటుందని అతనికి తట్టలేదు మరి.

మర్నాడు రెండు కొట్టేసరికి క్లాసు ముందు చెప్పుల గుట్ట.

"సర్, బ్యాచ్ ఎప్పుడు స్టార్టవుతుంది సర్?"

"ప్లేస్‌మెంట్ గ్యారంటీనా?"

"ఇది కోర్సు కాదండీ" అన్నాడు కేదార్, చెమటలు తుడుచుకుంటూ. "పరీక్ష. నా చదువు కోసం."

"పరీక్ష ముందే పెడతారా?"

"అంటే... మీకు కాదు, నా చప్పుడుకి."

ఒకడు ఫక్కున నవ్వాడు. సగంమంది చెప్పులు వెతుక్కున్నారు. మిగతావాళ్లు బయట ఎండ చూసి, లోపల ఏసీ చూసి కూర్చున్నారు. ఒక్కొక్కళ్లనీ పిలిచి, తలకి హెడ్‌ఫోన్సు పెట్టి, కళ్లు మూసుకోమని, చేతి కింద బటన్ ఒకటి పెట్టి "ఆ రాగం వినపడితే నొక్కండి" అని చెప్పేవాడు. లోపల ముక్కలు ముక్కలుగా రోడ్డు రొద వస్తుంది. కొన్ని ముక్కల్లో కరెంటు ఆటో వస్తున్న చప్పుడు కలుస్తుంది. కొన్నిట్లో ఉండదు, ఖాళీ రొదే. ఊరికే నొక్కేవాళ్లు ఎవరో, నిజంగా విని నొక్కేవాళ్లు ఎవరో తెలియడానికి ఆ ఖాళీలు. ఎప్పుడు ఎక్కడ నొక్కారో అంతా కంప్యూటరే దాచుకుంటుంది. ఒక్కొక్కరూ మూడు రోజులు వచ్చి కూర్చోవాలి.

ఆ మొదటి రోజే, ముందు బెంచీలో, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్నుతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అందరూ అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, వంతు రాగానే లేచి నిలబడి చెప్పాడు.

"వీరవెంకటసత్యనారాయణ. వయసు అరవై ఏడు. మాది కాకినాడ వైపు. ఉండేది పంజాగుట్ట."

అరవై ఏడు! కేదార్‌కి కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

తర్వాత అఫ్జల్ చెవిలో చెప్పాడు. "గా పెద్దసారు అన్ని డెమోలకూ వస్తడన్నా. జావా, శాప్, టెస్టింగు, ఏదీ ఇడువడు. మస్తు శ్రద్ధగ కూసుంటడు. నాలుగో దినం ఫీజు అడుగంగనే, రేపు చెప్తనని పోతడు. మల్ల ఇంకో డెమోల తేలుతడు."

సత్యనారాయణ గారు పరీక్షకి కూడా అంతే శ్రద్ధగా కూర్చున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, నడుం నిటారుగా పెట్టి, వేలు బటన్ మీద ఉంచి, మధ్య మధ్యలో టక్కున నొక్కేవాడు. అయిపోయాక కేదార్ ఎదురుగా వంగి "వినపడిందాండీ?" అంటే, వాడి మొహంలోకి చూస్తూ "బ్రహ్మాండంగా వినపడింది బాబూ. రేపు కూడా ఉందా?" అనేవాడు.

మూడు రోజుల్లో ఆయన పని అయిపోయింది. అయినా రావడం మానలేదు. "మిగతావాళ్లకి జరుగుతోందిగా, చూస్తాను" అని వెనక బెంచీలో కూర్చునేవాడు. వస్తూ వస్తూ పొట్లంలో చేగోడీలు తెచ్చేవాడు. సాయంత్రం ఇద్దరూ నడుచుకుంటూ పంజాగుట్ట దాకా పోయి, ఇరానీ హోటల్లో చాయ్ తాగేవాళ్లు.

"బేగంపేట ఎయిర్‌పోర్టులో చేశాను నేను" అని చెప్పాడొకరోజు. "విమానం దిగి వస్తుంటే దాని ముందు నిలబడి, రెండు చేతుల్లో రెండు బ్యాట్లు పట్టుకుని ఇటు రా, ఇటు రా, ఆగు, అనేవాణ్ణి. అంతంత విమానాలు బాబూ! నేను చెయ్యెత్తితే ఆగిపోయేవి."

"భయం వెయ్యలేదాండీ?"

ఆయన చాయ్ ఊదుకుంటున్నాడు. జవాబు చెప్పలేదు. వయసైంది, పరధ్యానం అనుకున్నాడు కేదార్. ఇంకోసారి వెనక నుంచి "బాబాయ్ గారూ" అని మూడుసార్లు పిలిచినా తిరగలేదు. ఫుట్‌పాత్ ఎక్కిన స్కూటీవాడు వెనకాలే పీం పీం అని కొట్టుకుంటున్నా జరగలేదు. కేదారే చెయ్యి పట్టి లాగాడు. "ఈ హారన్లు ఎవరు పట్టించుకుంటారయ్యా" అని నవ్వేశాడాయన.

ఆ వారం వాళ్లమ్మ మామూలుగానే అడిగింది. కేదార్ ఈసారి బకెట్ల వైపు చూడలేదు. "సత్యనారాయణ అని ఒక ఫ్రెండున్నాడమ్మా. రోజూ చాయ్‌కి వెళ్తాం" అన్నాడు. వయసు చెప్పలేదు.

మే నెల చివరికి ముప్ఫై మందీ పూర్తయ్యారు. ఆఖరి కుర్రాడు వెళ్లిపోయాక కేదార్ హెడ్‌ఫోన్సు డబ్బాలో పెట్టేస్తుంటే, వెనక బెంచీలోంచి ఆయన లేచి వచ్చాడు.

"అంటే, డెమో అయిపోయినట్టేనా?"

"అయిపోయిందండీ. మీ సాయం మర్చిపోలేను బాబాయ్ గారూ."

"రేపు రానక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదండీ, ఎండల్లో ఎందుకు శ్రమ" అన్నాడు కేదార్ సంతోషంగా. ఆయన తల ఊపి, ఖాళీ పొట్లం మడతపెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వాడు పుణె ధ్యాసలో ఉండి ఆ మొహం చూడలేదు.

మర్నాడు గదిలో కూర్చుని ఫలితాలు తెరిచాడు. కుర్రాళ్లందరివీ ముత్యాల్లా ఉన్నాయి. చప్పుడున్న చోట నొక్కారు, ఖాళీల్లో నొక్కలేదు. చివరికి సత్యనారాయణ గారిది తెరిచాడు. చప్పుడున్న ప్రతి ముక్కలోనూ నొక్కాడు. బ్రహ్మాండం. ఖాళీ ముక్కలు చూశాడు. వాటిల్లోనూ నొక్కాడు. అన్నిట్లోనూ! మూడు రోజులూ, ఒక్కటి వదలకుండా.

బటన్ పాడయిందేమో అనుకున్నాడు. కాదు, మిగతావాళ్లకి బాగానే పనిచేసింది. అంటే ఆయన విని నొక్కలేదు. ఊరికే నొక్కాడు.

సరిగ్గా అప్పుడే భార్గవ్ తలుపు తోసుకుని వచ్చాడు, చేతిలో బిర్యానీ ప్యాకెట్లతో. పక్క మంచం కుర్రాడు, విజయవాడ. "జాబొచ్చేసిందిరా! బెంగళూరు!" అని కేదార్ మెడ చుట్టూ చెయ్యేసి ఊపేశాడు. తింటూ తింటూ కేదార్ సంగతంతా విని, ఎముక పక్కన పెట్టి, "ఇంతేనా? ఆ ఖాళీవి తీసేయ్. ఉన్నవాటిల్లో అన్నీ నొక్కాడుగా ముసలాయన? నూటికి నూరు. మీ మేడమ్ ఎగిరి గంతేస్తుంది" అన్నాడు.

"తప్పు కదరా."

"నువ్వేమన్నా ఆయన కిడ్నీ తీసుకుంటున్నావా? నాలుగు గళ్లు చెరిపేస్తున్నావు. చెరిపి పుణె పోరా బాబూ. ఎన్నాళ్లుంటావు ఈ కొంపలో, బకెట్లకి కాపలా?"

వాడు సరదాకే అన్నాడు. కేదార్ మాత్రం బిర్యానీ ప్యాకెట్టు పక్కన పెట్టేశాడు. నాలుగు గళ్లే. ఆయన్ని మొత్తం తీసేస్తే అరవై దాటినవాళ్లు లేరు, రివ్యూ లేదు. గళ్లు చెరిపితే అన్నీ ఉన్నాయి. చెరిపాడు కూడా. చెరిపి, మళ్లీ వెనక్కి తెచ్చాడు. ఇంకోసారి కూర్చోబెట్టి చేయిద్దాం, ఆయనకి పరీక్ష అర్థమై ఉండదు అని సర్దిచెప్పుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి క్లాసుకి పోయి చూశాడు. అలవాటు కొద్దీ వస్తాడేమోనని. ఏసీ ఆపేసి ఉంది, బెంచీలన్నీ ఖాళీ. "పెద్దసారు రాలే అన్నా. ఇయాల పైథాన్ డెమో ఉండె, దానికి సుత రాలే" అన్నాడు అఫ్జల్.

ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని పరీక్ష రోజు ఆయన రాసిచ్చిన అడ్రసు పట్టుకుని పంజాగుట్ట బయల్దేరాడు. ద్వారకాపురి కాలనీలో ఒక పాత మేడ, వెనక వైపు చిన్న పోర్షన్. గుమ్మం పక్కన బెల్లు నొక్కితే లోపల పిచ్చుక కిచకిచమంది. తలుపు తియ్యలేదు. మళ్లీ నొక్కాడు. కిచకిచ. పక్కనే కిటికీ రెక్క తీసి ఉంది. లోపల సత్యనారాయణ గారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, వీపు ఇటువైపు. ఎదురుగా టీవీ. వార్తలమ్మాయి పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటకి రావడం లేదు. కింద అక్షరాలు పరిగెడుతుంటే ఆయన వాటిని చదువుకుంటున్నాడు.

కేదార్ ఫోన్ చేశాడు. ఆయన మోచేతి పక్కనే స్టూలు మీద ఫోను సన్నగా మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఆ మనిషి కదల్లేదు. కిటికీ దగ్గర నిలబడ్డవాడికి వినపడుతోంది, పక్కనున్నవాడికి వినపడటం లేదు.

కేదార్ అరచేత్తో తలుపు మీద దబదబా బాదాడు. ఆయన వెంటనే వెనక్కి తిరిగాడు.

"ఎవరూ? అరె, నువ్వా బాబూ! రా రా. ఎంతసేపయింది వచ్చి?"

"ఇప్పుడేనండీ."

లోపల కూర్చుని కేదార్ బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాడు. గోడ మీద ఒక ఆవిడ ఫొటో, దండేసి ఉంది. ఆయన మంచినీళ్లిచ్చి, వీడి ముఖంలోకి చూసి, తనే అడిగేశాడు.

"నేను ఫెయిలా?"

కేదార్ తల దించుకున్నాడు. ఆయన వంగి వాడి గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తాడు. "ఇటు చూసి మాట్లాడు బాబూ. నువ్వు కిందకి చూస్తే నాకు తెలీదు."

"మీకు ఆ చప్పుడు ఒక్కసారి కూడా వినపడలేదు కదండీ?"

ఆయన నీళ్ల గ్లాసు అటూ ఇటూ జరిపాడు.

"విమానాలు తినేశాయి" అన్నాడు చివరికి. "మొదట్లో గుడిగంట పోయింది. తర్వాత కుక్కరు విజిల్. లావు చప్పుళ్లు తెలుస్తాయి, బస్సూ, మెట్రో, తలుపు. సన్నవి లేవు. మా రత్నమాల ఉన్నన్నాళ్లూ నాకు ఇబ్బంది తెలీలేదు. పాలవాడు వచ్చాడండీ, ఫోను మోగుతోందండీ, అని భుజం తట్టి చెప్పేది. ఆవిడ పోయాక ఆ బెల్లు ఎందుకు పెట్టించుకున్నానో కూడా మర్చిపోయాను."

"మరి ఎందుకు నొక్కారు బాబాయ్ గారూ?"

"ఏం చెయ్యమంటావు? పొద్దున లేచిన దగ్గర్నుంచీ నన్ను ఎవరూ ఏదీ అడగరు. డెమోలకి పోతే వాళ్లు చెప్పుకుంటూ పోతారు, నేను బోర్డు చూస్తూ కూర్చుంటాను. నువ్వొక్కడివే ఎదురుగా వచ్చి, వంగి, వినపడిందా అని అడిగావు. లేదంటే ఇంకొకణ్ణి పిలుచుకుంటావేమోనని..." ఆగి, తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "నీ చదువు పాడుచేశాను."

వయసు మీద పడితే ముందు సన్న చప్పుళ్లే పోతాయని కేదార్ చదివిందే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. తీరా రాగం కట్టేటప్పుడు బస్సుల గొంతు చూశాడు, హారన్ల గొంతు చూశాడు, వినే చెవి ఎవరిదో చూడలేదు. వాడు కట్టిన రాగం కూడా ఆ బెల్లులో పిచ్చుక లాంటిదే. బయట ఉన్నవాడికి ముచ్చటగా ఉంటుంది.

"మీరు ఫెయిల్ కాలేదండీ" అన్నాడు, ఆయన కళ్లలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి. "నా చప్పుడు ఫెయిలైంది. రేపు ఒక్కసారి వచ్చి మళ్లీ కూర్చోండి. వినపడితేనే నొక్కండి. వినపడకపోతే వద్దు. ఒక్కటీ నొక్కకపోయినా సరే."

"అప్పుడు నీ పుణె?"

కేదార్ బ్యాగు తగిలించుకుని లేచాడు.

మర్నాడు రెండింటికి ఆయన వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా. హెడ్‌ఫోన్సు పెట్టుకుని, కళ్లు మూసుకుని, బటన్ మీద వేలు ఉంచాడు. కేదార్ కంప్యూటర్ వంక చూడలేదు, ఆ వేలు వంకే చూశాడు. చప్పుడొచ్చింది, పోయింది. ఖాళీ వచ్చింది, పోయింది. మధ్యలో రెండు మూడుసార్లు వేలు అదిరింది, నొక్కేయాలని ఎంత ఉందో ఏమో. ఎడమ చేత్తో ఆ వేలు పట్టుకున్నాడాయన. చివరిదాకా పట్టుకునే కూర్చున్నాడు.

రివ్యూలో మంజూష మేడమ్ కాగితాలు తిరగేసి, ఆ ముప్ఫయ్యో వరస దగ్గర ఆగింది.

"ఇదేంటి కేదార్, అన్నీ సున్నాలు?"

"అరవై దాటినవాళ్లల్లో ఒక్కరికీ వినపడలేదు మేడమ్."

"ఉన్నదే ఒక్కరుగా."

"ఒక్కరే మేడమ్."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా, "ఇది పెట్టకుండా ఉండొచ్చని నీకు తట్టలేదా" అంది.

"తట్టింది మేడమ్."

"చప్పుడు మార్చాలి. పెద్దవాళ్లని ఇంకొంతమందిని పట్టుకోవాలి. మళ్లీ మొదట్నుంచి. డిసెంబరు దాకా పడుతుంది. పుణె వాళ్లు ఆగుతారా?"

పుణె వాళ్లు ఆగలేదు. వచ్చే ఏడు మళ్లీ అప్లై చేసుకోమని మర్యాదగా మెయిల్ పెట్టారు. భార్గవ్ బెంగళూరు పోతూ ఎర్ర బకెట్టు దొంతర మీద పెట్టి, "ఫోన్ చేస్తుంటా రా" అన్నాడు. చేరిన రోజు చేశాడు. భార్గవ్ మంచం మీదకి కొత్త కుర్రాడొచ్చాడు. బ్యాగు దించకముందే "అన్నా, నీది జావానా?" అన్నాడు.

వానలు మొదలయ్యాయి. కేదార్ చప్పుడు మార్చాడు. ఈసారి లావు గొంతు, ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు. తీరా చూస్తే అది బస్సుల రొదలో కలిసిపోతోంది, కుర్రాళ్లకే వినపడటం లేదు. కొంచెం సన్నం చేస్తే పెద్దాయనకి పోతోంది. కొంచెం లావు చేస్తే అందరికీ పోతోంది. ఆ రెండిటి మధ్యలో ఎక్కడో ఉండి ఉంటుంది. ఎక్కడో తెలీదు. మేడమ్ అడిగిన మిగతా పెద్దవాళ్లూ ఇంకా దొరకలేదు. అమీర్‌పేటలో తెల్లజుట్టు కోసం వెతకడం కూడా ఒక పనే.

మధ్యాహ్నం రెండింటికి ఏసీ క్లాసులో ఇద్దరే ఉంటున్నారు. చేగోడీల పొట్లం బల్ల మీద ఉంది. సత్యనారాయణ గారు గొడుగు మూలన పెట్టి, హెడ్‌ఫోన్సు తనే తగిలించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ముక్కలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోయాయి. వేలు బటన్ మీద తేలిగ్గా ఆనుకుని ఉంది, అదరలేదు, కదల్లేదు. ఆ వేలిని ఇప్పుడు ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

అయిపోయాక కళ్లు తెరిచాడు. కేదార్ కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చున్నాడు, పెదాలు కనపడేలా.

"వినపడిందాండీ?"

"లేదు బాబూ" అన్నాడాయన, మంచినీళ్లు వద్దన్నంత తేలిగ్గా.

కేదార్ రాసుకున్నాడు.

"అన్నా, నాలుగింటికి బ్యాచుంది, జర జల్దీ" అని తలుపు దగ్గర్నుంచి అఫ్జల్ అరిచాడు. ఆ మాట ఒక్కడికే వినపడింది.

"ఇవాళ్టికి అంతేనండీ. ఇంకొంచెం మార్చి చూస్తాను."

"అయితే రేపు రెండింటికేనా?"

కేదార్ ఆయన చూసేదాకా ఆగి చెప్పాడు.

"రెండింటికే."